ముందు యాక్సిల్ ఉస్తాదు

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఉస్తాదు పోయిన రోజు వనపర్తి బస్టాండు ఎదుటి టీకొట్టులో అందరూ అదే పని మీదున్నారు. అంతటి చెయ్యి మళ్లీ పుట్టదని ఒకడు, మాట కరుకే గాని మనసు వెన్న అని ఇంకొకడు. ఆ వెన్న అన్నవాణ్ని నేనెరుగుదును. వాడి బండిని మూడు రోజులు ఎండలో నిలబెట్టి, "నీ అసుంటోనికి బండెందుకు, బర్రెను కొనుక్కో పో" అని పదిమందిలో అన్నది ఈ వెన్న మనిషే. నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను. నాకు దుఃఖం కలగలేదు, హాయిగా అనిపించింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు. ఎందుకంత హాయో చెప్పాలంటే ఆ మనిషి సంగతి చెప్పాలి.

మెకానిక్కులందరినీ మావైపు ఉస్తాద్ అనే పిలుస్తారు. అయినా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడు ఊళ్లలోనూ ఉత్త "ఉస్తాద్" అంటే ఆయనే. ఇంజను పని చేసేవాళ్లు వీధికొకరున్నారు. నాలుగు చక్రాలూ లాగే పాత బండ్ల ముందు భాగం విప్పి మళ్లీ బిగించగలిగినవాడు మాత్రం ఆయనొక్కడే. ముందు చక్రానికి ఇంజను బలాన్ని మోసుకుపోయే ఇనుప కడ్డీ ఉంటుంది, అదే యాక్సిల్. దాని చివర ఇనుప గుండ్ల జాయింటు ఉంటుంది. చక్రాన్ని పక్కకు తిప్పినా బలం తెగకుండా అందించేది అదే. ఆ జాయింటు అరిగితే మలుపులో టకటకమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినబడగానే మా మూడు ఊళ్ల బండ్లవాళ్లకు ఆయన ముఖమే గుర్తొచ్చేది. ఎక్కడో డ్యాం పనులకు కూలీగా పోయి, డోజర్ల కింద పడుకుని ఈ విద్య నేర్చుకున్నాడని విన్నాను. ఇంకొకరికి రాదన్న ధీమాతోనే ఆయన అంత పొగరు చూపించాడు.

బండి తీసుకుపోతే మన ముఖం చూడడు. బానెట్ మీద చెయ్యి వేసి బండినే పలకరిస్తాడు. "ఏం తల్లీ, ఎవడు గొట్టిండు నిన్ను?" అంటాడు. కొట్టినవాడు, అంటే మనం, పక్కనే నిలబడి ఉంటాం. పనివాళ్లు నవ్వుతారు. తర్వాత స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించి, ఆవరణలో గుండ్రంగా మెల్లగా నడపమంటాడు. తాను ముందు చక్రం పక్కనే నడుం వంచి నడుస్తూ, చెవి అటు పెట్టి, అరచెయ్యి పైకెత్తి పట్టుకుంటాడు. ఆ సేపు ఎవరూ దగ్గకూడదు. చాయ్ తెచ్చినవాడు కూడా గేటు దగ్గరే ఆగాలి. చప్పుడు దొరకగానే చెయ్యి ముడుచుకుంటుంది. "కుడిది" అంటాడు, లేదా "ఎడమది". అంతే. ఎందుకట్లయింది ఉస్తాద్ అని అడిగితే, "నీకు జెప్తే నువ్ జేస్తవా?" అంటాడు.

ఆదివారం కొట్టు మూత. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. ఆ రోజు దారిలో ఎవడి బండి ఆగిపోయి ఉన్నా తల తిప్పి చూసేవాడు కాదు. శనివారం సాయంత్రమే రంపపు పొట్టు, కిరసనాయిలు కలిపి మోచేతుల దాకా తోముకునేవాడు. ఆ తోమడం కూడా మనం నిలబడి చూడాల్సిందే, మధ్యలో మాట్లాడితే మొదటి నుంచి మళ్లీ తోముతాడు.

కొత్తది వేయమంటే ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చేది. "మార్చుడు దుకాణపోని పని. బాగుజేసుడు నా పని" అనేవాడు. అరిగిన యాక్సిల్ తీసేసి కొత్తది వేసుకుంటే పోయేదానికి ఈ పంతమేమిటని నాలాంటివాళ్లు గొణిగితే, ఒక సిద్ధాంతం చెప్పేవాడు. బాగుచేసినదానికి మనిషి భయపడి జాగ్రత్తగా నడుపుతాడట. కొత్తదైతే భయం పోయి పాడు చేస్తాడట. వినడానికి బాగానే ఉంటుంది. మనల్ని ఎప్పుడూ భయంలో ఉంచితేనే ఆయనకు నిద్ర పట్టేదని నా లెక్క.

పని మాత్రం వచ్చు. అది లేదంటే కళ్లు పోతాయి. మా బండిని ఆయన మొదటిసారి విప్పినప్పుడు నేను దగ్గరుండి చూశాను. రెండు పక్కల జాయింట్లూ ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, గుండ్లు దొర్లే గాడులను బొటనవేలి గోటితో తడిమాడు. బండి ఎక్కువగా ముందుకే నడుస్తుంది కాబట్టి గాడి ఒక పక్కే అరుగుతుంది, రెండో పక్క కొత్తదానిలాగే ఉంటుంది. అందుకని ఎడమ జాయింటును కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి బిగించాడు. అరగని పక్క మీద ఇప్పుడు బరువు పడుతుంది. వేళ్లతో కొత్త గ్రీజు కూరాడు. టకటక పోయింది.

ఆ బండి మాకు వేలంలో దొరికింది, ఏదో సర్కారు ఆఫీసు వాడి పారేసిన పాత పెద్ద బండి. నడిపేది మా అన్న. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, చిన్నప్పటి నుంచీ లారీల మీద బతికినవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే పాటలు పాడేవాడు. గద్వాల చుట్టూ పత్తి విత్తనాల సాగు. వానాకాలం వస్తే విత్తన కంపెనీల ఇన్‌స్పెక్టర్లు రోజూ పొలాలు తిరగాలి. మా నల్లరేగడి తడిస్తే మామూలు జీపు కాలు కదపలేదు. మా బండి నాలుగు చక్రాలతో లాక్కుపోయేది. నాలుగు నెలల పని, దాని మీదే రెండు కుటుంబాలు. కంపెనీవాళ్లతో మాటలు నావి, బండి అన్నది.

అన్నకు ఉస్తాదంటే దేవుడు. ఆ మొదటి రిపేరు రోజే, కొత్త యాక్సిలే వేయిద్దామని నేను గట్టిగా పట్టుబడితే, ఉస్తాదు తొలిసారి నా ముఖం చూశాడు.

"మీ అన్న నడిపేటోడు. నువ్ మాట్లాడేటోనివి. మాట్లాడేటోనితోని నాకేం పని?" అన్నాడు.

"పైసలు పెట్టేది నేను గూడ ఉస్తాద్" అన్నాను.

"పెట్టు. ఎవడొద్దన్నడు? యాడన్న పోయి కొత్తది ఏపిచ్చుకో. నా చేత్తోని మాత్రం ఎయ్య" అని పానా అందుకున్నాడు.

అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఊకో తమ్మీ. గాయనకు తెల్వదా?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా అక్కడే ఉన్నాడు, నవ్వాడు. నా మనసు ఆ రోజే విరిగింది.

పని అయ్యాక ఇద్దర్నీ ముందు చక్రం దగ్గర గొంతుకూర్చోబెట్టాడు. చక్రం నడిమధ్యన గుండ్రటి పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే యాక్సిల్ చక్రాన్ని పట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. "బురదల దిగేముందు గిట్ల తిప్పుండ్రి. సడక్ ఎక్కంగనే గట్ల తిప్పి ఇడువుండ్రి. గట్టి సడక్ మీద నాలుగు చక్రాలు గుంజితే ఈ జాయింటు బతకదు. మల్ల చెప్ప" అన్నాడు. అన్న పిడిని నాలుగైదు సార్లు తిప్పి చూపించాడు. నాకు చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

ఆ ఏడు పని మధ్యలో కంపెనీ పెద్ద ఆఫీసరు నలుగురిని వెంటేసుకుని పట్నం నుంచి వచ్చాడు. పొలాలు చూడటం అయిపోయాక అమ్రాబాద్ అడవి చూడాలన్నాడు. అన్నకు జ్వరం. నేనే బండి తీశాను. గుట్ట ఎక్కే మలుపులు మొదలయ్యే చోట ఆయన వెనక్కి వాలి, "ఇది నిజంగా నాలుగు చక్రాలూ లాగుతుందా, పేరుకేనా?" అని అడిగాడు.

మా వైపు బండ్లవాళ్లందరికీ ఒక పిచ్చి నమ్మకం. నాలుగు చక్రాలూ వేస్తే బండికి రెట్టింపు బలం వస్తుందని, ఎత్తు ఎక్కేటప్పుడు వేయకపోవడం తెలివితక్కువని అనుకుంటారు. దానికి తోడు నాకు గొప్ప చూపించుకోవాలని ఉంది. దిగి రెండు పిడులూ తిప్పాను, లోపల గేరు వేశాను. ఎండిన తారు రోడ్డు మీద, ఆరుగురి బరువుతో, ప్రతి మలుపులో స్టీరింగు నిండా తిప్పుతూ పైదాకా ఎక్కించాను. స్టీరింగు బిగుసుకుపోతోంది. కాలిన గ్రీజు వాసన వచ్చింది. దిగేటప్పుడు కూడా తీయలేదు, ఆయన ఎదుట మళ్లీ దిగి పిడులు తిప్పడం నామోషీ అనిపించింది. కిందికొచ్చేసరికి కుడి చక్రం టకటకమంటోంది. వచ్చే ఏడు కూడా మీ బండేనని ఆఫీసరు చెయ్యి కలిపాడు. ఇంటికొచ్చి పిడులు వెనక్కి తిప్పితే చప్పుడు ఆగిపోయింది. బండి కడిగి పెట్టాను. అన్నకు ఏమీ చెప్పలేదు.

మర్నాడు జ్వరం తగ్గిందని అన్న ఇన్‌స్పెక్టరును ఎక్కించుకుని వడ్డేపల్లి వైపు పోయాడు. వాన పడుతోంది. పొలంలోకి దిగేముందు పద్ధతి ప్రకారం పిడులు బిగించాడు. గాడిలో ఇరుక్కున్న బండిని బయటికి తిప్పబోతే కుడి జాయింటు పగిలింది. చక్రం ఒక్కసారిగా అడ్డం తిరిగింది. ఆ విసురుకు స్టీరింగు గిర్రున తిరిగి, దాని లోపలి కడ్డీల మధ్య అన్న కుడి చెయ్యి చిక్కింది. మణికట్టు రెండు చోట్ల విరిగిందని ఇన్‌స్పెక్టరే నాకు చెప్పాడు. గద్వాల దవాఖానాలో కట్టు కట్టారు. కట్టు విప్పాక చూస్తే ఎముక వంకరగా అతికింది. అన్నం ముద్ద పట్టుకోవడానికి ఎలాగో పనికొచ్చింది గాని, ఆ వేళ్లు స్టీరింగు చుట్టూ మళ్లీ మూసుకోలేదు. నలభై రెండేళ్లకు అన్న డ్రైవరు కాకుండా పోయాడు.

దవాఖానాలో మొదటి రోజే అన్న అడిగాడు. "గాయన పని గిట్లెట్ల ఫెయిలాయెరా?"

"నేను మొదట్నే చెప్పిన గద అన్నా, కొత్తది ఏపిద్దామని" అన్నాను.

తడుముకోలేదు. నాలుక చివరే ఉన్నట్టు వచ్చేసింది. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వారం తర్వాత ఉస్తాదు నాకు కబురు పెట్టాడు. బండిని లాక్కుపోయి ఆయన ఆవరణలోనే పెట్టించాను, ఇంకెక్కడ పెట్టాలి. రేకు పళ్లెంలో పగిలిన జాయింటు ముక్కలు కడిగి పెట్టి ఉన్నాయి. ఇనుము నీలం రంగుకు తిరిగి ఉంది.

"బురదల ఇనుము గిట్ల కాలదు. సడక్ మీద గుంజిచ్చిండ్రు. మీ అన్ననా, నువ్వా?" అన్నాడు.

నేను పళ్లెం మీంచి చూపు తీయలేదు.

"నువ్వే" అన్నాడు. "మీ అన్నకు చెప్పు."

"మీరు చెప్తరా ఉస్తాద్?" అని అడిగాను. 

"నేనెందుకు చెప్త? నేను జెప్తే నా పనికి నేను వకాలత్ జేసినట్టయితది. గా పని నాకొద్దు. జేసినోనివి నువ్వు, నువ్ జెప్పు."

బతికాననుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన నన్ను వదిలిపెట్టలేదని. అన్న కనబడినవాడికల్లా చెయ్యి చూపించి, ఇది ఉస్తాదు చేసిన రిపేరు అని చెప్పాడు. విన్నవాళ్లు భయపడి ముందు చక్రాల పనికి కర్నూలు పోసాగారు. ఉస్తాదు ఆవరణలో బండ్లు పలచబడ్డాయి. ఆయన ఎవరికీ ఒక్క మాట చెప్పుకోలేదు. దాన్ని మంచితనమంటారు టీకొట్టువాళ్లు. నేననను. సంజాయిషీ చెప్పుకోవడం తన స్థాయికి తక్కువ అనుకున్నాడు, అంతే. తన పరువు పోయినా సరే గాని నోరు విప్పడు. అంత అహంకారం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

కానీ నేను కనబడితే చాలు, ఒకటే మాట. "చెప్పినవా?"

వనపర్తి బజారులో ఆ పక్క నుంచి ఈ పక్కకు, చేతిలో పానాతో, "చెప్పినవా?" నాగర్‌కర్నూలులో ఒక పెళ్లి భోజనాల్లో, నా ఆకులో పప్పు పడుతుండగా వెనక నుంచి వంగి, "చెప్పినవా?" గద్వాల స్టేషన్‌లో కదులుతున్న రైలు కిటికీలోంచి కూడా అడిగాడు. పలకరింపు లేదు, బాగున్నావా లేదు. లేదని తలాడిస్తే తనూ ఒకసారి తలాడించి పోయేవాడు. తిట్టినా బాగుండేది. ఖిల్లా ఘణపూర్‌లో సంత రోజు అన్న నా పక్కనే ఉన్నాడు. ఉస్తాదు ఎదురొచ్చాడు. అన్న ముఖం తిప్పుకున్నాడు. అయినా ఆయన ఆగి, నా కళ్లలోకి చూసి, అన్న వింటుండగానే అడిగాడు.

"చెప్పినవా?"

"ఏం చెప్పాల్నట?" అన్నాడు అన్న.

"ఏదో పాత సామాను కావాల్నట అన్నా, యాడన్న ఉంటే చెప్పుమన్నడు" అన్నాను.

ఉస్తాదు ఆ అబద్ధం విన్నాడు. జనంలో కలిసిపోయాడు. న్యాయం కావాలంటే తనే చెప్పాలి. జాలి ఉంటే మరిచిపోవాలి. రెండూ చేయకుండా నన్ను ఏడేళ్లు పలుపుతో కట్టిన గొడ్డులా లాగాడు. వనపర్తిలో ఆయన కొట్టున్న వీధినే నేను మానేశాను. బండి అమ్మేశాను. అన్న విత్తనాల దుకాణంలో కూర్చుని ఎడమ చేత్తో రసీదులు రాయడం నేర్చుకున్నాడు. నేను కారు కొని అద్దెకు తిప్పుకుంటున్నాను. అన్న పక్కన కూర్చుంటే మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు కదిలేది. నేను చూడనట్టు నడిపేవాణ్ని.

కాబట్టి టీకొట్టులో నాకు కలిగిన హాయి అది. ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషీ పోయాడు. ఇక ఎవరూ అడగరు.

గద్వాలలో ఇంటికొచ్చి చెప్పగానే అన్న కుడి మణికట్టు రుద్దుకుంటూ కూర్చున్నాడు. చివరకు, "పగ పానమున్నంతసేపే. పొద్దుగాల మట్టికి పోదాం" అన్నాడు. పొద్దున్నే బయలుదేరాం. సగం దారిలో అన్న మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నేనొకటి అనుకున్న తమ్మీ. తప్పయిందని గాయన ఒక్కపారి వచ్చి అనుంటే అప్పుడే అయిపోతుండె. అనలే. మస్తు పొగరు. అయినా ఇయ్యాల గుంతల మట్టేసి, మాఫ్ జేసిన ఉస్తాద్ అని పైకే చెప్త. అందరు వింటరు."

నేను ఊరుకుంటే అయిపోయేది. ఏడేళ్లు ఊరుకున్నవాణ్ని, ఇంకో గంట ఊరుకోలేనా? కానీ పదిమందిలో అన్న ఆయన్ని క్షమించడం, ఆ మాట ఆ మనిషి మీద మట్టితో పాటు పడటం నేను చూడలేననిపించింది. నేనాయన్ని ద్వేషించాను, ఇప్పటికీ ఆయనంటే నాకు పడదు. అయినా అంత అన్యాయం నాకే ఎక్కువనిపించింది. కారు మెల్లగా చేసి, రోడ్డు మీదే కళ్లు పెట్టుకుని చెప్పేశాను. అమ్రాబాద్ గుట్ట, ఆఫీసరు, పిడులు, నీలం తిరిగిన ఇనుము, అన్నీ.

అన్న చివరిదాకా విన్నాడు.

"బండాపు" అన్నాడు.

ఆపాను. దిగి, తలుపు పట్టుకుని వంగి నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను.

"చెయ్యి పోయింది పోనీ. నెల కింద గాయన మనిషిని పంపిండు రా, పానం బాగలేదు, ఒకపారి కండ్లజూసి పొమ్మని. చెయ్యి లేనోన్ని జూసి ఏం జేస్తవని చెప్పి పంపిన. నీకు గూడ చెప్పలే" అన్నాడు.  "గా మాట నాతోని అనిపిచ్చింది నువ్వు."

"అన్నా, ఎక్కు. పోదాం" అన్నాను.

"నువ్ రావద్దు మట్టికి. నీ మొఖం గాయనకు జూపియ్యకు."

వెనక వస్తున్న ఆటోకు ఎడమ చెయ్యి ఎత్తాడు. అందులో ఉన్నవాళ్లూ అక్కడికే పోతున్నట్టున్నారు, జరిగి చోటిచ్చారు. ఆటో కనబడినంతసేపు చూశాను. అన్న వెనక్కి తిరగలేదు. నేను కారు తిప్పుకుని గద్వాలకు వచ్చేశాను.